గాలపు వేట (ఆదోని - ఎమ్మిగనూరు ప్రాంతము)

గాలపు వేట అనగా కర్ర, దారము, గాలము, ఎర అనే నాలుగింటి సహాయముతో చేపను పట్టే పద్ధతి. వలకు చిక్కేది గుంపు. గాలమునకు చిక్కేది ఒక్క చేప మాత్రమే. కర్నూలు జిల్లా పశ్చిమ భాగములోని ఆదోని, ఎమ్మిగనూరు, కోసిగి, మంత్రాలయము, నందవరము, గోనెగండ్ల ప్రాంతములలో ఈ వేటకు తుంగభద్ర నది, తుంగభద్ర దిగువ కాలువ, గాజులదిన్నె జలాశయము, ఊరి చెరువులు ఆధారము. పాశ్చాత్య దేశములలో ఫ్లై ఫిషింగ్ అనే పేరుతో ప్రసిద్ధమైన క్రీడ కూడా దీని శాఖయే. దానిని తెలుగులో ఈక గాలపు వేట అనవచ్చును. కొత్తవారికి ఈ విద్యను ఏ క్రమములో నేర్పుతారు, దీనిని కేవలము తిండి సంపాదన అనక క్రీడ అని ఎందుకు అంటారు అనే విషయములు ఈ వ్యాసములో వివరింపబడినవి.

పదములు

చేపకు ఆశ చూపే ఆహారమును ఎర అంటారు. ఎర్ర అంటే వానపాము. ఎక్కువ చోట్ల ఎర్రయే ఎర కావటము వలన కొత్తవారు ఈ రెండు మాటలను కలిపివేస్తూ ఉంటారు. గాలమును కన్నడములో గాళ అంటారు. ఆదోని, కోసిగి వైపు రెండు భాషలూ వినిపించే ఊళ్ళలో ఈ మాటకు అనువాదముతో పనిలేదు.

గాలము వేయుట, ఎర చూపుట అనే నుడికారములకు తెలుగులో మోసగించుట అనే అర్థము స్థిరపడినది. భాగవతము ఏకాదశ స్కంధములో అవధూత తన ఇరువదినాలుగు మంది గురువులలో చేపను కూడా లెక్కించినాడు. నాలుక రుచికి లోబడి గాలమునకు చిక్కే చేప ఇంద్రియ నిగ్రహమును బోధిస్తుందని అక్కడి భావము. అదే వరుసలో బాణములు చేసేవాడు కూడా ఒక గురువు. పక్కనుండి రాజు వెళ్ళినా గమనించనంతగా వాడు తన పనిలో లీనమై ఉంటాడు. గాలపు కర్ర పట్టుకొని గట్టున కూర్చున్నవానికి చేప కంటే ఈ బాణముల పనివాడే దగ్గరి గురువు అని చెప్పవచ్చును.

ప్రాంతములోని నీరు

ఇది వర్షాభావ ప్రాంతము. జొన్న, వేరుశనగ, ప్రత్తి పండే నేలలే ఎక్కువ. కనుక ఇక్కడి వేట నీటి రాకపోకల మీద ఆధారపడి ఉంటుంది. హోస్పేట వద్ద తుంగభద్ర ఆనకట్ట 1953లో పూర్తయిన తరువాత దిగువ కాలువ ద్వారా బళ్ళారి మీదుగా ఆదోని, ఎమ్మిగనూరు వైపునకు నీరు వచ్చినది. ఈ కాలువకు సాధారణముగా వానాకాలములో నీరు వదలి, వేసవిలో ఆపివేస్తారు. నీరు ఆగిన తరువాత కాలువలో అక్కడక్కడ మిగిలిన గుంటలలో చేపలు ఇరుక్కుపోతాయి. అక్కడ చేతితో పట్టినా దొరుకుతాయి కాబట్టి దానిని వేట అనటము కష్టము.

తుంగభద్ర నది స్వభావము వేరు. వేసవిలో ప్రవాహము సన్నగిల్లి, బండల నడుమ మడుగులుగా విడిపోతుంది. గాలము వేసేవారికి ఈ మడుగులే బడి. నీరు ఎక్కడ లోతు, ఎక్కడ బండ, ఎక్కడ నీడ అన్నది వేసవిలో చూచి గుర్తుపెట్టుకున్నవాడు, నది నిండిన తరువాత అదే చోటును పైనుండి ఊహించగలడు. హంద్రీ నదిపై గోనెగండ్ల సమీపములో ఉన్న గాజులదిన్నె జలాశయమునకు మాజీ ముఖ్యమంత్రి దామోదరం సంజీవయ్య పేరు మీద సంజీవయ్య సాగరము అనే పేరు కలదు. ఇక్కడ నీరు నిలకడగా ఉంటుంది. చేపల పెంపకము మత్స్యకారుల జీవనాధారము కాబట్టి అనుమతి లేకుండా ఎవరూ గాలము వేయరాదు. పట్టణములకు త్రాగునీరు ఇచ్చే చెరువులలోను, పుణ్యస్నానములు చేసే రేవులలోను వేయకపోవటము మర్యాద.

చరిత్ర

గాలపు వేటను గురించి మన దేశములో వ్రాసిన పాత గ్రంథములలో ముఖ్యమైనది మానసోల్లాసము. కల్యాణి చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు (పాలన 1127 - 1138) సంస్కృతములో రచించిన ఈ విజ్ఞాన సర్వస్వములో మత్స్యవినోదము అనే భాగము కలదు. అందులో చేపల రకములు, వాటిని మరిగించటానికి పెట్టే ఆహారము, గాలపు దారము, కర్ర మొదలగు విషయములు ఉన్నవి. రాజు దీనిని వినోదములలో చేర్చినాడే కాని వృత్తులలో చేర్చలేదు. తుంగభద్ర తీరము ఆనాడు చాళుక్యుల ఏలుబడిలోనే ఉండెను. చేపల శాస్త్రజ్ఞుడు సుందర్ లాల్ హోరా 1951లో ఈ భాగముపై వ్యాసము వ్రాసి ఆధునికుల దృష్టికి తెచ్చినాడు.

బ్రిటిషు పాలనలో ఆదోని మద్రాసు రాష్ట్రములోని బళ్ళారి జిల్లాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినపుడు ఆదోని, ఆలూరు తాలూకాలు కర్నూలు జిల్లాలో కలిసినవి. మద్రాసు సివిల్ సర్వీసు అధికారి హెన్రీ సలివాన్ థామస్ 1873లో ది రాడ్ ఇన్ ఇండియా అనే పుస్తకమును, 1887లో ట్యాంక్ యాంగ్లింగ్ ఇన్ ఇండియా అనే మరొక పుస్తకమును ప్రచురించినాడు. ఆ కాలపు దొరలలో చాలామంది కొండ నదులలోని మహసీరు చేప వెంట పడగా, థామస్ చెరువుల వేటకు ప్రత్యేకముగా ఒక పుస్తకము కేటాయించటము గమనింపదగినది. దక్కను పీఠభూమిలో సామాన్యునికి అందుబాటులో ఉన్నది చెరువే కదా.

ఈక గాలము ఇంకా పాతది. క్రీస్తు శకము రెండవ, మూడవ శతాబ్దముల నాటి రోమను రచయిత ఏలియన్, మాసిడోనియా దేశస్థులు గాలమునకు ఎర్ర ఉన్ని చుట్టి, కోడిపుంజు ఈకలు కట్టి చేపలను పట్టేవారని వ్రాసినాడు. మన దేశములో ఈ క్రీడ ట్రౌటు చేపతోపాటు వచ్చినది. ట్రౌటుకు చల్లని నీరు అవసరము కాబట్టి అది కాశ్మీరు, నీలగిరి వంటి చోట్లనే నిలబడినది. కర్నూలు జిల్లా ఎండలలో అది బ్రతకదు. అయితే ఈక గాలమునకు ట్రౌటు తప్ప వేరు చేప పనికిరాదు అనుకోవటము పొరపాటు.

ఇక్కడి చేపలు

తెలుగు పిల్లలు మొదట వినే ఏడు చేపల కథలో రాజు కొడుకులు వేటకు వెళ్ళి ఏడు చేపలను తెస్తారు కాని, అవి ఏ రకము చేపలో కథ చెప్పదు. వేటలో మాత్రము రకము తెలియనిదే పని జరగదు. బొచ్చె నీటి పైభాగములోను, శీలావతి నడిమి నీటిలోను, ఎర్రమోసు అడుగున మేత తీసుకుంటాయి. కనుక ఒకే చెరువులో ఒకే ఎర వేసినా, బెండు క్రింద దారమును ఎంత పొడవు వదిలినారు అన్న దానిని బట్టి పడే చేప మారుతుంది. పరిగెలు గట్టు దగ్గర గుంపులుగా తిరుగుతాయి. కొత్తవారికి ఇవే తగినవి. జెల్ల అడుగున ఉంటుంది. దానికి వీపున ఒకటి, రెండు ప్రక్కల రెండు ముళ్ళు ఉంటాయి. వాలుగ రాత్రి పూట వేటాడే పెద్ద చేప.

కొర్రమీను గురించి కొంత వివరముగా చెప్పాలి. గాలము వేసేవారికి ఇది ఇష్టమైన చేప. కప్పకు, మిడతకు దూకుతుంది. ఇది గాలిని కూడా పీల్చగలదు కాబట్టి నీరు తగ్గిన గుంటలలోను బ్రతుకుతుంది. వానాకాలములో గుడ్లు పెట్టిన తరువాత తల్లిదండ్రులు పిల్లలను కాపలా కాస్తాయి. ఎర్రని చిన్న పిల్లలు నీటి పైన గుంపుగా కదులుతూ కనిపిస్తాయి. ఆ గుంపు మీద ఏది పడినా పెద్ద చేప కోపముతో కరుస్తుంది. కనుక అప్పుడు దానిని పట్టటము అతి సులభము. పట్టిన మరుక్షణము నుండి ఆ పిల్లలకు కాపలా ఉండదు, తక్కిన చేపలు వాటిని తినివేస్తాయి. ఎర్రని గుంపు కనిపిస్తే గాలము తీసివేయాలి అన్న నియమమును మొదటి రోజుననే నేర్పటము మంచిది.

సామగ్రి

నేర్చుకునేవారికి ఖరీదైన వస్తువులు అవసరము లేదు. తమ ఎత్తుకు రెండింతలు ఉన్న సన్నని వెదురు కర్ర, దాని పొడవుకు సమానమైన నైలాను దారము, చిన్న గాలము, సీసపు గుండు, బెండు చాలును. ఈ ప్రాంతము జొన్నల నేల కాబట్టి బెండు కొనవలసిన పనిలేదు. ఎండిన జొన్న దంటు పై తొక్క తీసి, లోపలి బెండును వేలెడు ముక్క కోస్తే సరిపోతుంది. అయితే అది కొంతసేపటికి నీరు పీల్చి బరువెక్కుతుంది కాబట్టి నాలుగైదు ముక్కలు దగ్గర ఉంచుకోవాలి. గాలముల సంఖ్య పెరిగిన కొద్దీ పరిమాణము తగ్గుతుంది. పరిగెలకు 12వ నంబరు సరిపోతుంది. గాలపు మొన వద్ద ఉండే ఎదురు ముల్లును పటకారుతో నొక్కివేయాలి. చేప వదిలించటము సులభమవుతుంది. అంతకంటే ముఖ్యముగా, పిల్లవాని వేలికి గ్రుచ్చుకుంటే తీయటము సులభమవుతుంది. ఎరగా ఎర్ర, జొన్న సంగటి ముద్ద, తడి గోధుమపిండి ముద్ద వాడతారు. ముద్దలో కాస్త ప్రత్తి పింజను కలిపితే నీటిలో త్వరగా కరగదు.

నేర్పే క్రమము

నేర్పేవారు చేసే సాధారణమైన తప్పు, వెళ్ళిన వెంటనే కర్ర చేతికి ఇవ్వటము. కర్ర చేతికి వస్తే పిల్లవాని కళ్ళు కర్ర మీదనే ఉంటాయి, నీటి మీద ఉండవు. మొదటి పూట కర్ర లేకుండా గట్టున కూర్చోబెట్టి, పిండి ముద్దలను చిన్నగా తుంచి నీటిలో వేయించాలి. ఎక్కడ బుడగలు లేచినవి, ఎక్కడ నీరు సుడి తిరిగినది, చేపలు నీడలోనికి వచ్చినవా ఎండలోనికి వచ్చినవా అని అడగాలి. సమాధానము చెప్పకుండా అడగటమే ఇక్కడ బోధన.

ఇందులో భౌతిక శాస్త్రము కూడా ఉన్నది. కాంతి వక్రీభవనము వలన నీటిలోని చేప మనకు ఉన్నదానికంటే పైకి కనిపిస్తుంది. చేపకు మాత్రము పై లోకమంతయు సుమారు 97 డిగ్రీల కోణము గల గుండ్రని కిటికీలోనికి కుదించుకొని కనిపిస్తుంది. గట్టున నిలబడిన మనిషి ఆ కిటికీ అంచులో పొడవుగా కనిపిస్తాడు, కూర్చున్నవాడు దాదాపు కనిపించడు. చేప ప్రక్క భాగములో ఉండే పార్శ్వ రేఖ నీటిలోని కదలికలను, ప్రకంపనలను గ్రహిస్తుంది. మాటల శబ్దము గాలి నుండి నీటిలోనికి చాలా తక్కువగా వెళ్తుంది, కాలి చప్పుడు నేల ద్వారా వెళ్తుంది. కనుక మెల్లగా మాట్లాడటము కంటే మెల్లగా నడవటము ముఖ్యము. తరగతిలో బల్లమీద గీసి చెప్పినపుడు మరచిపోయే ఈ పాఠము గట్టు మీద మరచిపోరు.

రెండవ మెట్టు ముడి. దారమును గాలపు కంటి గుండా దూర్చి, వెనుకకు తెచ్చి, అసలు దారము చుట్టూ ఐదారు చుట్లు త్రిప్పి, కొసను కంటి దగ్గరి మొదటి సందులో దూర్చి, ఉమ్మితో తడిపి లాగాలి. తడపకపోతే రాపిడి వేడికి నైలాను బలము తగ్గుతుంది. ఎమ్మిగనూరు చేనేతకు పేరుపొందిన ఊరు. మగ్గముల నడుమ పెరిగిన పిల్లలకు దారము ముడివేయటము చెప్పనవసరము లేదు. కాని నూలుకు నిలిచే ముడి నైలానుకు జారిపోతుందని మాత్రము చూపించాలి.

తరువాత బెండును చదవటము. బెండు వణికితే పరిగెలు ఎరను కొరుకుతున్నట్లు. అప్పుడు లాగితే ఏమీ రాదు. బెండు ప్రక్కకు వాలి అడ్డముగా పడుకుంటే అడుగు చేప ఎరతోపాటు గుండును కూడా పైకి ఎత్తినట్లు. బెండు వాలుగా జారిపోతూ మునిగితే చేప ఎరను నోట కరచుకొని వెళ్తున్నట్లు. ఆ క్షణములో మణికట్టును మాత్రము పైకి ఎత్తాలి. కొత్తవారు రెండు చేతులతో కర్రను తలపైకి గుంజుతారు. పరిగె గాలిలో ఎగిరి వెనుక తుమ్మ చెట్టుకు తగులుకుంటుంది. ఇది అందరికీ జరుగుతుంది, నవ్వి వదిలివేయాలి. తొందరగా లాగటము, ఆలస్యముగా లాగటము అనే రెండు తప్పులలో మొదటిదే ఎక్కువ. ఆగటము నేర్చుకున్నవానికి తక్కినవి తామే వస్తాయి.

చేప దొరికిన తరువాత చేయవలసినది కూడా పాఠములో భాగమే. తినదలచిన చేపను వెంటనే తలపై కొట్టి చంపాలి, గట్టున కొట్టుకోనీయరాదు. వదలదలచిన చేపను చేయి తడిపి పట్టుకోవాలి. పొడి చేయి దాని వంటిమీది జిగురు పొరను తుడిచివేస్తుంది, ఆ పొర పోయిన చోట వ్యాధి సోకుతుంది. 20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజను కరగగలదు, 30 డిగ్రీల వద్ద అది ఏడున్నరకు తగ్గుతుంది. ఏప్రిల్ మధ్యాహ్నము వదలిన చేప ఈదుకుంటూ వెళ్ళినా తరువాత చనిపోవచ్చును. కనుక వేసవిలో తెల్లవారుజామున తప్ప వదిలే వేట పెట్టుకోరాదు.

ఈక గాలము

సాధారణ గాలములో సీసపు గుండు బరువు దారమును తీసుకొనిపోతుంది. ఈక గాలమునకు బరువు లేదు. అది పురుగును పోలేటట్లు ఈకలు, దారము చుట్టిన చిన్న గాలము. ఇక్కడ దారమే బరువుగా, లావుగా ఉంటుంది; విసిరేది దారమును, దాని వెంట ఈక వెళ్తుంది. కర్ర సాధారణముగా ఎనిమిది, తొమ్మిది అడుగులు ఉండి స్ప్రింగు వలె వంగుతుంది.

దీనిని నీటి దగ్గర కాక బడి మైదానములో, గాలమునకు బదులు ఉన్ని ముక్క కట్టి నేర్పుతారు. కర్రను గడియారములో పది గంటల ముల్లు స్థానము నుండి ఎత్తి వెనుకకు తెచ్చి ఆపాలి. వెనుక దారము పూర్తిగా చాచుకునేవరకు ఆగాలి. అప్పుడు ముందుకు వేయాలి. ఆగకుండా ముందుకు వేస్తే దారము చెర్నాకోల వలె చటుక్కున మ్రోగుతుంది, ఈక తెగిపోతుంది. రైతు బిడ్డలకు ఈ పోలిక వెంటనే అర్థమవుతుంది: చెర్నాకోలతో మ్రోగించటము నేర్పు, ఇక్కడ మ్రోగకుండా ఉండటము నేర్పు. బలము ఉన్న పెద్దవారికంటే పదేళ్ళ పిల్లలు దీనిని త్వరగా పట్టుకోవటానికి కారణము వారు బలము ఉపయోగించకపోవటమే.

ఈకను ఇంటనే కట్టుకోవచ్చును. నాటుకోడి మెడ ఈక, నూలు దారము, కాస్త జిగురు చాలును. దక్షిణ భారతపు అడవికోడి మెడ ఈకలకు విదేశాలలో ఈ పనికై గిరాకీ ఉండేది. వన్యప్రాణి సంరక్షణ చట్టము, 1972 ప్రకారము ఆ పక్షిని వేటాడటము నేరము కాబట్టి పెంపుడు కోడి ఈకలనే వాడాలి. మన నీళ్ళలో పరిగెలు, తిలాపియా చిన్న ఈకలకు, కొర్రమీను కప్పను పోలిన పెద్ద ఈకలకు వస్తాయి.

ప్రమాదములు

కాలువ గట్టు చూచుటకు సాధువుగా ఉంటుంది. సిమెంటు వేసిన వాలు గోడ పాచిపట్టి జారుతుంది, లోపల పడినవానికి పట్టుకొని ఎక్కటానికి ఏమీ ఉండదు, ప్రవాహము తూము వైపునకు లాగుతుంది. ఈత వచ్చినవారు కూడా మునిగిపోయేది ఇందుచేతనే. కాలువ పారుతున్నపుడు పిల్లలకు అక్కడ నేర్పరాదు. చెరువు వాలు గట్టున, ఈత వచ్చిన పెద్దవారు ఇద్దరు ఉన్నపుడే నేర్పాలి. ఒకరు చేపను చూస్తుంటే మరొకరు పిల్లలను చూడాలి. పడినవాని కోసము దూకకుండా కర్రనో, తాడునో అందించాలి అన్నది కూడా పాఠములో చేర్చాలి. కార్బను కర్రలలో విద్యుత్తు ప్రవహిస్తుంది, తడి వెదురులోను ప్రవహిస్తుంది. కరెంటు తీగల క్రింద కర్ర ఎత్తరాదు.

నదిలో నీరు చెప్పకుండా పెరుగుతుంది. 2009 అక్టోబరు 2న తుంగభద్ర వరద మంత్రాలయమును ముంచివేసినది. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర ఆనకట్ట 19వ గేటు గొలుసు తెగి గేటు కొట్టుకొనిపోయినపుడు దిగువన తీర గ్రామములను అప్రమత్తము చేయవలసివచ్చినది. పైన వాన లేకపోయినా నది నడుమ బండ మీద కూర్చుని గాలము వేయటము తగదు.

వినోదము, జీవనము

ఒకే మడుగు ఒకరికి ఆట, మరొకరికి అన్నము. తుంగభద్రలో పుట్టి వేసుకొని తెల్లవారకముందే వల దించే బెస్తవారికి చేప కూలి డబ్బు. సెలవు రోజున గట్టుకు వచ్చినవాడు ఆ సంగతి మరువరాదు. వల కట్టిన చోటికి దూరముగా కూర్చోవటము, మత్స్యకారుల సంఘమునకు చెందిన జలాశయములలో వారిని అడిగి, రుసుము ఉంటే చెల్లించి వేయటము కనీస ధర్మము. నిజానికి నది గురించి ఎక్కువ తెలిసినది కూడా వారికే. మంచి గురువు కావాలంటే పుస్తకము కంటే వారిని వెదకటము మేలు.

చేపకు నొప్పి ఉంటుందా అన్న ప్రశ్నను పిల్లలు తప్పక అడుగుతారు. 2003లో బ్రిటనులో లిన్ స్నెడన్, ఆమె సహచరులు ట్రౌటు నోటి భాగములో హానిని గ్రహించే నాడీ తంతువులు ఉన్నవని చూపినారు. చేప దానిని బాధగా అనుభవిస్తుందా అన్న విషయములో శాస్త్రజ్ఞుల మధ్య చర్చ జరుగుతూనే ఉన్నది. పట్టి వదలటము దయ అని కొందరు, తినని చేపను ఆట కోసము గ్రుచ్చటమే తప్పు అని కొందరు అంటారు. రెండవ వాదమును తేలికగా కొట్టివేయలేము. గాలము ఎదురు ముల్లు నొక్కటము, త్వరగా గట్టుకు చేర్చటము, తినేదానిని త్వరగా చంపటము ఈ ప్రశ్నకు పూర్తి సమాధానము కావు. కాని ఆ ప్రశ్న అడిగిన పిల్లవానికి చేతితో చూపగలిగినది అంతవరకే.

తుంగభద్రకు మూలమైన తుంగ నదిలో, శృంగేరి మఠము రేవున చేపలను పట్టరు; భక్తులు వాటికి మేత వేస్తారు. అదే నీరు దిగువకు వచ్చిన తరువాత మందుగుండు, విషము వాడి చేపలను చంపినవారు ఉన్నారు. భారత మత్స్య చట్టము, 1897 ఈ రెండింటిని నిషేధించినది. ప్రేలుడు చిన్న పిల్లలతో సహా మడుగునంతా చంపుతుంది, చచ్చినవాటిలో అన్నీ పైకి కూడా తేలవు. ఆనకట్ట దిగువన కర్ణాటకలో నీటికుక్కల రక్షణ కోసము 2015లో సుమారు 34 కిలోమీటర్ల నదీభాగమును సంరక్షణ ప్రాంతముగా ప్రకటించినారు. నీటికుక్కల ఆహారము చేపలే.